గాలిలో దొరికే దేశాలు

మా వీధిలో డిగ్రీ చదివిన పిల్లలు ఉద్యోగానికి బయోడేటా తయారు చేసుకునేటప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మిల్లు ఆఫీసులో టైపిస్టుగా చేరి కంప్యూటర్ ఆపరేటరుగా రిటైరైనదాన్ని కాబట్టి, తప్పుల్లేకుండా కొట్టిపెడతానని వాళ్ళ నమ్మకం. పేరు, చదువు, మార్కులు గడగడా చెప్పేస్తారు. హాబీలు అన్న చోటికి వచ్చేసరికి ఆగిపోతారు. పుస్తకాలు చదవడం, పాటలు వినడం అని ఏదో ఒకటి వేసెయ్యమంటారు. నేనూ వేసేస్తాను. నిజంగా ఇష్టమైనదేదైనా ఉంటే మాత్రం అక్కడ పెట్టొద్దంటాను. పెద్దావిడ చాదస్తం అనుకుని నవ్వుకుంటారు. ఎందుకలా అంటానో వాళ్ళకెప్పుడూ చెప్పలేదు.

చేసే పనిని ప్రేమించాలని ఈ మధ్య ఫోన్లో వీడియోల్లో తెగ చెబుతున్నారు. నేను నా పనిని ఎన్నడూ ప్రేమించలేదు. ఒప్పుకున్నాను కాబట్టి సరిగ్గా చేశాను, అంతే. మధ్యాహ్నం అందరం క్యారియర్లు విప్పుకుని కలిసి తినడం ఇష్టంగా ఉండేది. సాయంత్రం ఇంటికి పోయి జాకెట్ల మీద పూలు కుట్టుకోవడం ఇంకా ఇష్టం. పని ఒక పక్క, ఇష్టం ఒక పక్క ఉంటే మనిషి నిమ్మళంగా బతుకుతాడని నా అభిప్రాయం. ఆ రెండూ కలిసిపోయిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన సంగతే ఇది.

నేను పనిచేసింది మంగంపేట గనుల పక్కన ముగ్గురాయిని, అంటే బెరైటీసును, పొడి కొట్టే మిల్లులో. గనిలోంచి లారీల్లో రాయి వచ్చేది. దాన్ని నలగ్గొట్టి, మెత్తగా పొడి చేసి, బస్తాలకెత్తి మద్రాసు రేవుకు పంపేవాళ్ళం. అక్కణ్ణుంచి ఓడల్లో గల్ఫు దేశాలకు పోయేది. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ పొడిని బురదలా కలిపి లోపలికి పోస్తారట. మా తల వెంట్రుకల మీద, టిఫిను డబ్బాల మీద, నా టైపు మిషను అక్షరాల సందుల్లో ఎప్పుడూ బూడిదరంగు పొడి ఉండేది. మాది కోడూరులో కిరాణా వ్యాపారం చేసుకునే కుటుంబం. ఆడపిల్ల దుమ్ములో పనికిపోవడమేమిటని మా నాన్న మొదట్లో గొణిగేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

మిల్లులో ఒక చిన్న గది ల్యాబు. అక్కడ పనిచేసే ఆయన నాకంటే కొంచెం పెద్దవాడు. కోడూరులోనే ఒక ముస్లిం కుటుంబం వాళ్ళది, తండ్రి టైలరు. ఈయన ఇంటర్ దాకా చదివి మిల్లులో చేరాడు. సన్నటి మెడ ఉన్న గాజు సీసాలో కిరోసిన్ పోసి, తూచిన పొడిని అందులో వేసి, కిరోసిన్ ఎంత పైకి లేచిందో చూసి సరుకు నాణ్యత తేల్చేవాడు. పొడి చాలినంత బరువు లేకపోతే కొనేవాళ్ళు ఓడనే వెనక్కి తిప్పుతారు. మా మధ్య వరసలు కలిసిపోయాయి. నేను అన్నా అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు.

ఆయన ఇష్టం రేడియో. సినిమా పాటలు కాదు. దూరదేశాల స్టేషన్లను గాలిలో వెతికి పట్టుకోవడం. ఇంటి మిద్దె మీద రెండు కొయ్యలు నాటి, వాటి మధ్య పొడుగ్గా రాగితీగ కట్టాడు. తెల్లవారుజామున, పొద్దు గూకే వేళ ఆ తీగకు తగిలించిన పాత ట్రాన్సిస్టరు ముందు కూర్చుని ముల్లును వెంట్రుకవాసి కదుపుతూ ఉండేవాడట. ఏదైనా స్టేషను దొరికితే, మీ రేడియో మా ఊళ్ళో ఫలానా వేళకు వినపడింది, ఇంత స్పష్టంగా ఉంది, ఈ వార్త చదివారు అని వాళ్ళకు ఉత్తరం రాస్తాడు. నిజమే, మీరు విన్నది మమ్మల్నే అని వాళ్ళు ఒక బొమ్మల కార్డు పంపుతారు. ఆ ఆట అంతే. అందులో గెలుపూ లేదు, లాభమూ లేదు. మంచు కప్పిన కొండలు, వంతెనలు, ఎత్తైన స్తంభాలు, నేను పేరు పలకలేని ఊళ్ళు ఉన్న కార్డులు మధ్యాహ్నం అన్నాల దగ్గరికి తెచ్చేవాడు. మేమంతా చేతులు తుడుచుకుని ఒకసారి తిప్పి చూసి బాగుందనేవాళ్ళం. తర్వాత మాటలు వానల మీదికి, కూరల మీదికి పోయేవి. ఆయనేమీ అనుకోకుండా కార్డు జేబులో పెట్టుకునేవాడు.

ఆయన ఇంగ్లీషు ఆ రేడియోలు విని నేర్చుకున్నదే. దొరల మాదిరి నిదానంగా, ప్రతి మాటా విడివిడిగా పలికేవాడు. మా మేనేజరు దానికి నవ్వేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక మిల్లుకు కంప్యూటరు వచ్చింది, ఫోను తీగతో ఇంటర్నెట్టు పెట్టించారు. గల్ఫులో సరుకు కొనేవాళ్ళు ఫ్యాక్సులు మానేసి మెయిళ్ళు పంపడం మొదలుపెట్టారు. కొట్టడం నాకు వచ్చు, రాయడం రాదు. రాయడం మేనేజరుకు వచ్చు గానీ ఆయన రాస్తే కోర్టు నోటీసులాగా ఉండేది. చివరికి ల్యాబు అన్న పక్కన కుర్చీ వేసుకుని చెబుతుంటే నేను కొట్టేదాన్ని. అవతలివాళ్ళ ఊళ్ళో పండగ ఏదో, వేడి ఎంతో ఈయనకు రేడియోలో తెలిసే ఉండేది. ఒక ముక్క దాని గురించి రాసి తర్వాత సరుకు సంగతికి వచ్చేవాడు. కొనేవాళ్ళు ఆ మెయిళ్ళను ఇష్టపడ్డారు. ఎవరో ఈ రాసేది, మా ఆఫీసుకు ఫోను చేసి మాట్లాడమనండి అని అడిగినవాళ్ళున్నారు. యజమాని మద్రాసు నుంచి వచ్చినప్పుడు ఆయన భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఆయన ముఖం చూడాలి. ఇన్నాళ్ళూ పనికిరానిదని అందరూ అనుకున్నది పనికొచ్చింది కదా.

పని అయ్యాక నీ రేడియోవాళ్ళకు కూడా ఇందులోనే రాసుకోపో అప్పా అని మేనేజరే చెప్పాడు. నా ముందరే చెప్పాడు. అప్పటి నుంచి ఆయన తపాలా బిళ్ళలు కొనడం మానేసి, సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు మిల్లు మెయిలు నుంచే రేడియోలకు రాసేవాడు. చాలాసార్లు ఆయన చెబుతుంటే నేనే కొట్టేదాన్ని.

అయితే అదే ఇంటర్నెట్టు ఆయన ఆటను తినేసింది. ఒక్కొక్క స్టేషనూ గాలిలో ప్రసారం ఆపేస్తున్నామని, ఇకమీదట మా కార్యక్రమాలు వెబ్‌సైటులో వినమని చెప్పి మూతపడుతూ వచ్చింది. నేను ఒకరోజు ఉత్సాహంగా అలాంటి ఒక సైటు తెరిచి, ఇదిగో అన్నా, కరకర లేకుండా ఎంత బాగా వస్తున్నదో చూడు అని వినిపించాను. ఆయన కాసేపు విని తల ఊపాడు.

"బాగుండాది గానీ, ఇనపడతాదని ముందరే తెలిసినాక ఇంగ ఇనేదానికేముండాదిమ్మా. గాలిలో దొరికితేనే గదా దొరికినట్ల" అన్నాడు.

అప్పుడది నాకు మొండితనంగా తోచింది. ఇప్పుడు నా చేతిలో ఫోను ఉంది, లోకంలో ఏ పాట కావాలన్నా నొక్కితే వస్తుంది, ఏదీ చివరిదాకా వినను.

ఆ దశాబ్దం సగం దాటాక హైదరాబాదులో బాంబులు పేలాయి. ఎక్కడో జరిగిందని మేం అనుకున్నాం. కానీ మా పక్కనే గని ఉంది. గనిలో రాతిని పేల్చే మందుగుండు ఉంటుంది. మధ్యాహ్నం సైరను మోగాక పేలుళ్ళకు మా ఆఫీసు కిటికీలు రోజూ అదిరేవి. ఇలాంటి చోట పనిచేసే ఒక ముస్లిం మనిషి ఇంటి మిద్దె మీద తీగ ఉంది, ఆయనకు దేశదేశాల నుంచి కవర్లు వస్తాయి, సాయంత్రం పూట ఆఫీసులో కూర్చుని విదేశాలకు మెయిళ్ళు పంపుతాడు. ఒక్కొక్కటిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ ఒకచోట పేర్చి ఎవరు ఎవరికి చెప్పారో మాకు ఈనాటికీ తెలియదు.

ఒక ఉదయం మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చారు. మేనేజరుతో లోపల మాట్లాడి, ల్యాబులోకి పోయి ఆయన్ను రమ్మన్నారు. ఆయన చేతిలో గాజు సీసా ఉంది. ఇది అయిపోనీండి సార్, లేకపోతే మళ్ళా మొదట్నుంచి చెయ్యాల అన్నాడు. వాళ్ళు సరేనని నిలబడ్డారు. పరీక్ష పూర్తిచేసి, అంకె రాసి, సీసా కడిగి బోర్లించి, వాళ్ళతో జీపు ఎక్కాడు. మిల్లు కంప్యూటరు పెట్టెను కూడా విప్పి తీసుకుపోయారు. ఇంటికి పోయి తీగ పీకి, రేడియోను, కార్డులను మూట గట్టారని ఆయన ఇంటావిడ చెప్పి పంపింది.

మర్నాడు విచారణకు మమ్మల్ని ఒక్కొక్కరినే పోలీసు స్టేషనుకు పిలిచారు. ఆయనతో రోజూ ఒకే బల్ల మీద అన్నం తిన్న ఫోర్‌మాన్, తనకు మిషన్లు తప్ప వేరే ఏమీ తెలియదన్నాడట. మేనేజరు, ఆఫీసు కంప్యూటరు మీద ఆయన సొంత మెయిళ్ళు పంపుతున్నట్టు తనకు తెలియనే తెలియదన్నాడట. ఆ మాట నేను లోపలికి పోయాక అధికారి నోట విన్నాను. అది అబద్ధమని అక్కడే చెప్పాను. అనుమతి ఇచ్చింది మేనేజరేనని, నేను పక్కనే ఉన్నానని, ఆ మెయిళ్ళలో చాలా భాగం నా చేత్తో కొట్టినవేనని చెప్పాను. ఏ మెయిల్లో ఏముందో గుర్తున్నంతవరకు వివరించాను. ఫలానా పూట మీ రేడియో బాగా వినపడింది, వాన ముందు కాస్త గరగరమంది. ఇంతే సార్ వాటిలో ఉన్నది అన్నాను.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు, నా మాటలన్నీ విన్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అన్నాడు: "ఏమీ లేదని నాకూ తెలుస్తాండాదమ్మా. కానీ ఏమీ లేదని నేను రాసి సంతకం పెట్టినాక, రేపు యాడన్నా ఏదన్నా అయితే నన్నే గదా అడిగేది."

ఆ అధికారి స్థానంలో నేనుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. దుర్మార్గుడు ఎదురైతే ఎదిరించవచ్చు. జాగ్రత్తపరుడి ముందు ఏం చెయ్యాలి?

కొన్నాళ్ళకు వదిలిపెట్టారు. కేసు లేదు. కొట్టలేదని కూడా ఆయనే చెప్పాడు. కానీ మధ్యలో ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. గనుల దగ్గర మిల్లు ఉద్యోగి పలు దేశాలతో సంబంధాలు పెట్టుకున్నట్టు విచారణలో అంగీకరించాడని రాశారు. ఆయన పేరు, ఊరు, తండ్రి పేరు అన్నీ ఉన్నాయి. వదిలేశారన్న వార్త మాత్రం ఎక్కడా రాలేదు.

పనిలోకి వస్తాడని నేను ల్యాబు గది ఊడ్పించి పెట్టాను. యజమాని మద్రాసు నుంచి ఫోను చేశాడు. తీసెయ్యమనలేదు. మన సరుకంతా విదేశాలకు పోయేది, లైసెన్సుల గొడవ, కొంతకాలం ఇంటి దగ్గరే ఉండమని చెప్పండి అన్నాడు. ఆ కొంతకాలం ఎన్నటికీ పూర్తి కాలేదు. ఆయన వచ్చిన రోజు ఆ మాట చెప్పవలసిన మేనేజరు పొద్దున్నే గని వైపు పోయి కూర్చున్నాడు. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉన్నాను. చెప్పాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. ల్యాబులోకి పోయి తన చొక్కా, చెప్పులు, అద్దాల పెట్టె సంచిలో వేసుకున్నాడు. మిల్లు నడుస్తూనే ఉంది. అటుగా పోతున్నవాళ్ళు తల దించుకుని పోయారు. ఒకరిద్దరు బాగుండావా అప్పా అని అడిగి జవాబు కోసం ఆగలేదు. వెళ్ళబోతూ నా దగ్గరికి వచ్చి ఒకటి అడిగాడు. రేడియో వినేవాళ్ళ సైట్లలో తన పేరు, ఊరి పేరు ఉన్నాయట. తను ఏ స్టేషను ఎప్పుడు విన్నదీ అందరికీ తెలిసేలా ఇన్నేళ్ళు సంతోషంగా పెట్టుకున్నవే.

"ఆ సైట్లలో నా పేరు తీసేపిచ్చండమ్మా, మీకు పుణ్యముంటాది" అన్నాడు.

మిల్లు కంప్యూటరు ఇంకా తిరిగి రాలేదు. కోడూరులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు పోయి ఆయన పేరు కొట్టాను. మొదట ఆ పత్రిక వార్త వచ్చింది. దాని కింద ఆయన రాసుకున్న రేడియో ముచ్చట్లు వరసగా వచ్చాయి. పైనున్నది చదివినవాళ్ళకు కిందవన్నీ దానికి రుజువుల్లాగే కనిపిస్తాయి. నాకు వచ్చీరాని ఇంగ్లీషులో సైట్లవాళ్ళకు రాశాను. ఒకరిద్దరు మర్యాదగా తీసేశారు. మిగతావాళ్ళు పలకలేదు. పత్రికకు రాసినదానికీ జవాబు రాలేదు. మెయిలు రాస్తే ఎక్కడికైనా చేరుతుందని నాకు నమ్మకం నేర్పింది ఆయనే. అది చేరినా ఎవరూ చదవకపోవచ్చని అప్పుడు తెలిసింది.

చుట్టుపక్కల పొడి మిల్లులు చాలానే ఉన్నాయి. ఆయన చేతి పరీక్షకు అందరిలో పేరుంది. ఒక్కరూ తీసుకోలేదు. మా వైపు పని దొరకని మనిషికి ఉన్న దారి కువైటు. ఇంటికొకరు అక్కడే ఉంటారు. గల్ఫు రేడియోలన్నీ విన్న మనిషి, గల్ఫుకు పోవాలని ఎన్నడూ అనుకోని మనిషి, చివరికి పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. పోలీసు విచారణ దగ్గర అది ఆగిపోయింది. కాదన్నారా అంటే కాదనలేదు, పెండింగన్నారు. ఆయన పాస్‌పోర్టు ఆఫీసు కిటికీ దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు. తిరగడం ఎప్పుడు మానేశాడో తెలియదు.

ఈ మధ్యలో నా పనీ నాకు చేదైంది. కొత్త కంప్యూటరు కొన్నారు. మెయిళ్ళు మేనేజరే చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. విచారణలో నేను చెప్పినది ఆయనకు తెలుసు. తెలిసినట్టు ఒక్కనాడూ కనపడనివ్వలేదు. మునుపటి కంటే మర్యాదగా మాట్లాడేవాడు. గల్ఫు నుంచి ఒకాయన, ఇదివరకు మాకు రాసే పెద్దమనిషి ఏమయ్యాడని అడిగాడు. రిటైరయ్యారని మేనేజరు రాయించాడు. నేను కొట్టాను. కుట్టుపని కూడా ఎందుకో ఆ ఏడాదే మానేశాను.

ఆయన్ను నేను మళ్ళీ చూసింది కోడూరు మామిడికాయల మండీలో. వేసవి. లారీలకు పెట్టెలెత్తేవాళ్ళ మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. నేనే గుర్తుపట్టి పిలిచాను. మనిషి సగమయ్యాడు గానీ పలకరింపులో పాత మర్యాద పోలేదు. నీడలోకి వచ్చి, పిల్లల చదువుల గురించి చెప్పాడు. నేను మేనేజరు గురించి ఎత్తాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"మీరు పోలీసు స్టేషన్లో నా గురించి చెప్పినారని తెలుసమ్మా. మేనేజరు మీద గూడా నాకేం లేదు, ఆయప్పకూ పిల్లోళ్ళుండారు" అన్నాడు. తర్వాత, ఒక మాట ఇంట్లో కూడా చెప్పలేదు, మీకు చెప్తానన్నాడు.

స్టేషన్లో మొదట ఊరికే కూర్చోబెట్టారట. తర్వాత ఒక వయసు పిల్లాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడట, కార్డుల మూట విప్పి ముందు పెట్టాడు.

"కుర్చీ ఏసి కూసోబెట్టినాడు. ఈ కార్డు యాడిదప్పా, ఇది ఎట్ల దొరికిందప్పా అని ఒగొగటే అడిగినాడు. చెప్పినా. ఏ దేశం ఏ వేళకు దొరుకుతాది, సలికాలం ఎట్ల ఇనపడతాది, తీగ ఎటు పక్క కట్టాల, అన్నీ చెప్పినా. ఆయప్ప రాసుకుంటానే ఉండాడు. తెలీకపోతే నిలిపి మళ్ళా అడిగి మరీ రాసుకున్న్యాడు. నా జన్మలో ఎవురూ అంత బాగా ఇనలేదమ్మా. నేను యాడుండానో మర్చిపోయినా. శానా సంతోషమాయ ఆ పొద్దు."

మండీలో ఎవరో ఆయన్ను కేకేశారు. వస్తాండా అని అటు జవాబిచ్చి, నా వైపు తిరిగాడు.

"సాయంత్రం అదంతా నాకే సదివి ఇనిపిచ్చి సంతకం పెట్టిచ్చుకున్న్యారు. అదే పేపర్లో వచ్చింది. నన్ను కొట్టింటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో."

తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుని, మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. బస్సుకు టైమైందేమో చూసుకోండమ్మా, ఎండకు నిలబడొద్దు అని చెప్పి పెట్టెల దగ్గరికి పోయాడు. తర్వాత ఆయన్ను నేను చూడలేదు.